ఆకుపచ్చ అంచు చీర చుట్టిన మూట

ఇలా రండర్రా, దగ్గరికి జరగండి. ఉదయ్, ఆ టీవీ నోరు నొక్కు. విద్యా, నువ్వు నా మోకాలి పక్కన కూర్చో. నా గొంతు ఇదివరకటిలా దూరం పోవడంలేదు. ఇది గొప్పకి చెప్పుకునే కథ కాదు. మనవాళ్ళంతా తల దించుకోవాల్సిన కథ. గొప్పలు చెప్పేవాళ్ళు మీకు బోలెడుమంది దొరుకుతారు, ఇలాంటివి చెప్పేవాళ్ళే దొరకరు. అందుకని మధ్యలో ఫ్రిజ్ దగ్గరికి పోకుండా వినండి.

ఎనభై నాలుగో సంవత్సరం మాట. ఈ క్యారీ ఊళ్ళో రోడ్డుకి అటు పొగాకు చేలు, ఇటు కొత్తగా లేస్తున్న ఇళ్ళు. రీసెర్చ్ పార్కు ఉద్యోగాలకని వచ్చిన తెలుగువాళ్ళలో మన క్రైస్తవ కుటుంబాలు పద్దెనిమిది. మనకి సొంత చర్చి ఎక్కడిది? ఒక తెల్లవాళ్ళ చర్చి కింద హాలు ఉండేది. వాళ్ళ ఆరాధన అయిపోయి, వాళ్ళ కార్లు వెళ్ళిపోయాక, మధ్యాహ్నం రెండింటికి ఆ హాలు మనది.

అందులో దేవకుమారి అని ఒకమ్మాయి. నర్సాపురం పిల్ల, మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు చదివింది. ఇక్కడ ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం. మొగుడు సత్యానందం మందుల కంపెనీ ల్యాబులో చేసేవాడు. అయిదేళ్ళ కూతురు శాంతి. దేవకుమారి మాట తక్కువ మనిషి, పని ఎక్కువ మనిషి. ఎవరికి జ్వరమొచ్చినా ఆమె చెయ్యే నుదుటిమీద ఉండేది.

వాళ్ళ పక్కింటాయన మిస్టర్ ప్రూయిట్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ దాకా వెళ్ళొచ్చిన సైనికుడు. పెళ్ళాం పోయింది, ఒక్కడే ఉండేవాడు. శాంతి పుట్టిన రోజు ఊరంతా మంచు గడ్డకట్టింది, సత్యానందం కారు వాకిట్లోంచి కదల్లేదు. ప్రూయిట్ తన ట్రక్కు చక్రాలకి గొలుసులు కట్టి, నొప్పులు పడుతున్న దేవకుమారిని ఆస్పత్రిలో దింపాడు. ఆ పిల్ల పుట్టిందీ, తల్లి బతికిందీ ఆయన వల్లే.

ఆగస్టులో ఆయన ఇల్లు అమ్మేసి ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి పోతూ, దేవకుమారిని గ్యారేజీలోకి పిలిచాడు. నూనె మరకల దుప్పటి విప్పి చూపించాడు. నల్లటి ఇనుము. వెనక పిడి మడతపెడితే చేతి సంచీలో పట్టేంత తుపాకి.

"జర్మనీ నుంచి తెచ్చుకున్నా. అందరం ఏదో ఒకటి తెచ్చుకున్నాం, జ్ఞాపకానికని. ఒకడు గడియారం, ఒకడు జెండా. నేను ఇది" అన్నాడు. "తూటాలు లేవు, భయపడకు."

"నాకెందుకు చూపిస్తున్నారు?"

"మా అమ్మాయింట్లో పిల్లలున్నారు, దీన్ని గడప దాటనివ్వనంది. చెరువులో పడేయడానికి నాకు చేతులు రాలేదు. నీ దగ్గర ఉంచు దేవా. ఎవరికీ చూపించకు, దీనికి కాగితాల్లేవు."

అప్పుడు చెప్పాడు ఆ సంగతి. మీట నొక్కి పట్టుకుంటే వరసగా పేలే తుపాకులని గవర్నమెంటులో రాయించుకోవాలట. అరవై ఎనిమిదిలో ఒక్క నెల గడువిచ్చారట, యుద్ధం నుంచి తెచ్చుకున్నవన్నీ వచ్చి రాయించుకోండి, ఏమీ అనం అని. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ ఈయన వెళ్ళలేదు. నెల అయిపోయింది. ఇక రాయడానికి ఎప్పటికీ లేదు.

దేవకుమారి కాదనాలి. నోటిదాకా వచ్చింది కూడా. కానీ మంచులో ట్రక్కు నడిపిన ఆ చేతులే ఎదురుగా చాచి ఉన్నాయి. పెద్దాయన అడిగితే కాదనడం ఆమెకి పుట్టింట్లో ఎవరూ నేర్పలేదు. తీసుకుంది. ఇండియా నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న పెట్టెలో, బట్టల కింద పెట్టింది. మొగుడికి చెప్పలేదు.

సెప్టెంబరు ఎలాగో గడిచింది. అక్టోబరులో ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి శాంతి ఆ పెట్టెని హాల్లోకి ఈడ్చుకొచ్చి, దానిమీద బొమ్మల్ని కూర్చోబెట్టింది.

"మమ్మీ, నేను నర్సాపురం గోయింగ్! ఇది నా ప్లేన్!"

తాళం వేసే ఉంది. అయినా దేవకుమారి పెట్టెని మళ్ళీ గదిలోకి ఈడ్చేసింది. ఇది ఇంట్లో ఇంకొక్క వారం ఉండకూడదు అనుకుంది.

మీరడగొచ్చు, పోలీసులకి ఇచ్చేయొచ్చుగా అని. కిరాణా షాపు తలుపుకి అప్పుడే కాగితం అంటించారు. పక్క ఊళ్ళో పోలీసులూ చర్చీలూ కలిసి ఒక శనివారం పెట్టారు. ఇంట్లో ఉన్న తుపాకులు తెచ్చివ్వండి, పేరడగం, సరుకుల కూపన్ ఇస్తాం అని. దేవకుమారి ఆ కాగితం మూడుసార్లు చదివింది. పేరడక్కపోయినా మొహం చూస్తారుగా అనుకుంది. నవంబరు తొమ్మిదిన ఆమె సిటిజన్‌షిప్ ప్రమాణం. పాస్‌పోర్టు చేతికొస్తే గాని నర్సాపురంలో ఉన్న చెల్లెలు విమలకుమారికి వీసా అప్లై చేయడానికి లేదు. ఆ పిల్లేమో ఉత్తరం ఉత్తరానికీ అక్కా ఎప్పుడు, అక్కా ఎప్పుడు అని రాసేది. ఇప్పుడు పోలీసుల ముందుకి ఇలాంటి దానితో ఎలా వెళ్తాను అనుకుంది.

అప్పుడు ఆమెకి గుప్త కానుక గుర్తొచ్చింది.

మన ఊళ్ళ చర్చీల్లో కోత పండుగకి ఏమేం తెస్తారో మీకు చెప్పానుగా. గుమ్మడికాయలు, ధాన్యం, కోళ్ళు, అరటిగెలలు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం పాడతారు. వాటితోబాటు ఎవరో ఒకరు గుడ్డలో చుట్టి, పేరు చెప్పకుండా బల్లకింద పెట్టి వెళ్ళే మూట ఉంటుంది. అదే గుప్త కానుక. ఒక్కోసారి గాజులు. ఒక్కోసారి ఎక్కడో దొరికి, ఇంట్లో ఉంచుకోవడానికి మనసొప్పని వస్తువు. నర్సాపురంలో దాన్ని పాస్టరుగారు ఒక్కరే లోపలి గదిలో విప్పేవారు. ఎవరు పెట్టారని అడిగే ఆచారం లేదు. మన పాస్టరు దైవాశీర్వాదంగారు చదువుకున్న మనిషి, చూస్తే ఏం చేయాలో ఆయనకి తెలుస్తుంది, అడగరు కూడా అనుకుంది దేవకుమారి. దేవుడి ఇంట్లో పెట్టేస్తే అక్కడితో తన బరువు దిగిపోతుందనుకుంది.

పాత చీర ఒకటి తీసింది. మంగళగిరి చీర, తెల్లటిది, ఆకుపచ్చ అంచు, అంచులో రెండు గీతల జరీ. వరసగా నాలుగు ఈస్టర్లకి కట్టిన చీర. కొంగు చిరిగిందని పక్కన పెట్టింది. తుపాకిని అందులో చుట్టి, నాలుగు ముళ్ళు వేసింది. పండుగ ఆదివారం పొద్దున్నే, ఎవరూ రాకముందు, హాలు బల్లకింద గుమ్మడికాయల వెనక పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఆమెకి తెలియనిది ఒకటుంది. నర్సింగ్ హోమ్‌లో ఆదివారాలు డ్యూటీ పడి, ఆమె అంతకుముందు రెండు పండుగలకీ రాలేదు. మన సంఘపెద్ద ఏసుపాదంగారికి నవ్వించడం సరదా. ఇక్కడ ఆయన కొత్త పద్ధతి పెట్టాడు. గుప్త కానుకని విప్పకుండానే వేలం పాడటం. ఏముందో తెలియకుండా కొనడం, ఇంటికెళ్ళి విప్పుకోవడం. ఒకాయనకి కిందటేడు మూటలో మూడు కొబ్బరి చిప్పలూ ఒక గరిటే వచ్చాయి. ఏడాదంతా అదే నవ్వు.

ఇక ఎజ్రా గురించి చెప్పాలి. పేరు మన బైబిల్లోదే. ఆ చర్చి వాచ్‌మన్, ఊడ్చేవాడు, రిపేర్లు చేసేవాడు, అన్నీ ఆయనే. నల్లజాతి మనిషి, అరవై దాటాయి. మనం వచ్చేసరికి హీటరు వేసి, ఇనప కుర్చీలు వరసలు వేసి ఉంచేవాడు. ఆ కుర్చీలు వేయడం ఆయన జీతంలో పని కాదు. తెల్లవాళ్ళు కుర్చీలు మడిచి పెట్టెయ్యమన్నారు గాని మనకోసం వేయమనలేదు. ముసలమ్మలు చలిలో నిలబడటం చూసి తనంతట తనే మొదలుపెట్టాడు. మన పిల్లలు ఎజ్రా అంకుల్ అని చుట్టూ మూగితే జేబులోంచి పెప్పర్‌మింట్లు తీసేవాడు. కోత పండుగకి వెనక వరసలో కూర్చుని, ప్రతి ఏడూ వేలంలో ఏదో ఒకటి పాడేవాడు. ఒకసారి గోంగూర పచ్చడి పాడి, రొట్టెకి రాసుకుని తిని, కళ్ళనీళ్ళతో వచ్చి ఇంకో సీసా అడిగాడు.

ఆ ఏడు ఆయన ఆ మూటకి పాడాడు.

"ఒకటోసారి! చూడండి ఎంత బరువుందో, మా ఆవిడ పెద్ద రోలంత ఉంది!" అన్నాడు ఏసుపాదంగారు మూట ఎత్తి.

"రోలెక్కడిదండీ మనకిక్కడ, ఉన్నదల్లా మీ ఆవిడ నోరే!" అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వు.

"రెండోసారి! ఎజ్రాగారు, వెనక్కి తీసుకోవడం లేదండోయ్! మూడోసారి!"

దేవకుమారి డ్యూటీ దిగి కార్ పార్క్ చేసేసరికి వేలం అయిపోయింది. మనుషులు గుమ్మడికాయలు మోసుకుంటూ బయటికొస్తున్నారు. తన కారు పక్కనే ఎజ్రా పాత ట్రక్కు. ఎజ్రా చంకలో ఆకుపచ్చ అంచు మూట.

"మిసెస్ దేవా! ఈ ఏడు నాకు సీక్రెట్ పడింది" అన్నాడు నవ్వుతూ. మూట చేతులు మార్చుకున్నాడు. "ఇంత బరువుంది. ఏముంటుందంటావ్?"

అడిగాడు. ఆమె కళ్ళలోకి చూసే అడిగాడు. అది నాకివ్వండి మిస్టర్ ఎజ్రా, అది మీది కాదు. ఆ రెండు ముక్కలు అంటే చాలు, అనలేదు. వెనక నుంచి ఏసుపాదంగారు, ఆయన భార్య జ్ఞానమ్మ, పిల్లలు వస్తున్నారు. దేవకుమారి నవ్వింది. "ఇంటికెళ్ళి చూసుకోండి" అంది. ట్రక్కు వెళ్ళిపోయింది.

ఆ వారం ఎజ్రా ఆమెకి ఫోన్ చేయలేదు, ఎవరికీ చేయలేదు. శనివారం దాన్ని పక్క ఊరి పోలీసుల బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. పేరడగం అన్న మాట నమ్మి వెళ్ళాడు. ఇంట్లో ఇలాంటిది ఉండకూడదని వెళ్ళాడు. బల్ల దగ్గరి పోలీసాయన మూట విప్పి చూసి, కూపన్ల కట్ట పక్కన పెట్టేశాడు.

"పిస్టలైతే పేరడగం. ఇది మెషిన్ గన్. ఫెడరల్ గవర్నమెంటు వాళ్ళకి చెప్పి తీరాలి. ఎక్కడిది?"

ఎజ్రా ఉన్నదున్నట్టు చెప్పాడు. చర్చి వేలంలో పాడానన్నాడు. వాళ్ళు పేరు రాసుకుని చూస్తే పాత కేసు బయటపడింది. ఇరవై ఏళ్ళ వయసులో ఏదో కొట్లాటలో జైలుకెళ్ళొచ్చాడట. అలాంటి మనిషి మామూలు తుపాకి కూడా ముట్టుకోకూడదని చట్టం. ఇక ఇలాంటిది చేతిలో ఉంటే? ఆ రోజంతా కూర్చోబెట్టి అడిగి, ఊరు దాటొద్దని చెప్పి పంపారు. సాయంత్రానికి పై చర్చి తెల్లవాళ్ళు ఆయన దగ్గర తాళాలు తీసేసుకున్నారు.

మర్నాడు ఆదివారం మన ఆరాధన మధ్యలో ఇద్దరు ఫెడరల్ ఆఫీసర్లు మెట్లు దిగి వచ్చారు. మర్యాదగా వెనక నిలబడి, ప్రార్థన అయ్యేదాకా ఆగారు. తరవాత పెద్దాయన ముందుకొచ్చి జరిగింది చెప్పాడు. "ఆయన చెప్పింది నిజమైతే ఆయన తప్పు తక్కువ. కానీ ఇక్కడినుంచే వచ్చిందని ఎవరైనా చెప్పాలి. మూట పెట్టింది ఎవరు?"

కుర్చీలు కిర్రుమన్నాయి, అంతే.

ఆయన బ్యాగ్‌లోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి పైకెత్తాడు. కవర్లో చీర. తెల్లటి చీర, ఆకుపచ్చ అంచు, రెండు గీతల జరీ. "ఈ బట్ట ఎవరిదో ఎవరికైనా తెలుసా?"

దేవకుమారి మూడో వరసలో కూర్చుని ఉంది. తల ఎత్తలేదు. ఎత్తక్కర్లేకుండానే ఆమెకి తెలుస్తోంది. ఆడవాళ్ళు ఆడవాళ్ళ చీరలు మర్చిపోతారా? ఈస్టరు ఫొటోల్లో అందరి ఆల్బముల్లోనూ ఉన్న చీర అది. ఎక్కడ కొన్నావు, ఎంతకి కొన్నావు అని అందరూ అడిగిన చీర. ఒకావిడ ఏడవని పిల్లని ఊరుకోబెట్టడం మొదలుపెట్టింది. ఒకావిడ పాటల పుస్తకం తెరిచింది. దేవకుమారి వీపుమీద ఒక్క చూపు కూడా పడలేదు. అందరూ చూడకుండా ఉన్నందువల్లే అందరికీ తెలిసిపోయిందని ఆమెకి అర్థమైంది.

ఏసుపాదంగారు లేచాడు. "సర్, మా దేశంలో ఇలాంటి చీరలు లక్షలుంటాయి" అన్నాడు.

అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఆ వరసల్లో కూర్చున్న ఆడవాళ్ళలో మీ నానమ్మని, నేనూ ఉన్నాను. అదీ వినండి.

ఇంటికొచ్చాక సత్యానందం కారు ఆపి స్టీరింగ్ వదల్లేదు.

"ఎక్కడిది అది?"

చెప్పింది. ప్రూయిట్ దగ్గరనుంచి అంతా చెప్పింది.

"నాకొక్క మాట చెప్పకపోయావా?"

"ఇప్పుడు చెప్పేస్తానండీ. ఆ ఆఫీసరు కార్డిచ్చాడుగా."

"పిచ్చెక్కిందా? పన్నెండు రోజుల్లో నీ ప్రమాణం. కాగితాల్లేని తుపాకి ఇంట్లో పెట్టుకున్నానని నువ్వే వెళ్ళి చెప్తావా? శాంతి సంగతేంటి? విమల సంగతేంటి?" గొంతు తగ్గించాడు. "ఎజ్రాకి ఏమీ కాదు దేవా. నిజం చెప్పాడు, వదిలేస్తారు. ఆ రోజు కాస్తా గడవనీ. ప్రమాణం అయ్యాక చూద్దాం."

అయ్యాక చూద్దాం. ఆ మాట పట్టుకునే ఆమె ఆ వారమంతా లేచింది, వండింది, డ్యూటీకెళ్ళింది. ముసలివాళ్ళ మాత్రలు రెండేసి సార్లు లెక్కపెట్టుకుంది. మనవాళ్ళు ఒక్కొక్కరే ఇంటికొచ్చారు. ఒకరు చేపల పులుసు తెచ్చారు, ఒకరు గారెలు తెచ్చారు. ఒంట్లో బాగుందా దేవకుమారమ్మా అన్నారు. చీర మాట ఎవరూ ఎత్తలేదు. ఆ పులుసు గిన్నెలు చూస్తే ఆమెకి తిట్టినా బాగుండుననిపించింది.

తరవాతి ఆదివారం హాల్లోకి వెళ్తే చలి. హీటరు వేసినవాళ్ళు లేరు. కుర్చీలు గోడకి మడిచి ఉన్నాయి. మగవాళ్ళు తలా నాలుగు తీసి గడగడా పరిచారు, వరసలు వంకరటింకరగా వచ్చాయి. శాంతి చుట్టూ చూసి, "ఎజ్రా అంకుల్ ఏడి మమ్మీ? సిక్‌గా ఉన్నాడా?" అని గట్టిగా అడిగింది.

నెల మొదటి ఆదివారం కదా, ప్రభువు బల్ల ఉంది. రొట్టె పళ్ళెం వరసల్లో చేతులు మారుతూ వచ్చింది. ఎవరిమీదైనా తప్పు చేసి, సరిదిద్దుకోకుండా బల్ల ముట్టకూడదని దేవకుమారికి ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ చెప్పింది. పళ్ళెం చేతికొచ్చింది. పక్కావిడకి అందించేసింది. చిన్న గిన్నెల ద్రాక్షరసమూ అందించేసింది.

ఆరాధన అయ్యాక జ్ఞానమ్మ సింకు దగ్గర ఆమెని పట్టుకుంది.

"ఏమిటమ్మా అలా చేశావు? నువ్వు తీసుకోకపోతే అందరి కళ్ళూ నీమీదేగా. మేమంతా నీకోసం నోరు కట్టుకుని కూర్చుంటే నువ్వే చాటేసుకుంటే ఎలా?"

"నాకోసమా అక్కా?"

జ్ఞానమ్మ గ్లాసులు కడగడంలో పడిపోయింది.

మంగళవారం. ఆ రోజు ప్రెసిడెంటు ఎలక్షను, స్కూలుకి సెలవిచ్చారు. బయట ఓటేయడానికి వెళ్ళే కార్లు బారులు. శాంతి బొమ్మలతో ఆడుతోంది. దేవకుమారి ప్రమాణం ఉత్తరం బల్లమీద పెట్టుకుంది. దాని వెనక ప్రశ్నలుంటాయి, ఆ రోజు జవాబులు రాసి తీసుకెళ్ళి ఇవ్వాలి. ఇంటర్వ్యూ తరవాత ఊరు దాటి వెళ్ళారా? నో. పెళ్ళి, విడాకులు? నో. నాలుగో ప్రశ్నో అయిదో ప్రశ్నో, ఏదైనా నేరం చేశారా అని.

సత్యానందానికి ల్యాబుకి ఫోన్ చేసింది. "ఏమండీ, ఇందులో అడిగారు."

వెనక ఏదో మెషిన్ చప్పుడు వినబడింది. "నో అని రాయి" అన్నాడు.

"రాసి, చెయ్యెత్తి ప్రమాణం చేయాలిగా."

"దేవా..."

"శాంతిని జ్ఞానమ్మక్క దగ్గర దింపుతున్నానండీ. మీరు రావద్దు" అని ఫోన్ పెట్టేసింది.

పక్కనున్న రాలీ ఊళ్ళో, కార్డిచ్చిన ఆ ఆఫీసరు గది చిన్నది. ఆమె చెప్తుంటే ఆయన పసుపుపచ్చ కాగితాలమీద రాసుకున్నాడు. ప్రూయిట్ పేరు దగ్గర ఆమె ఆగింది. ఆయనకేమవుతుందని అడిగింది. ముసలాయన, ఫోన్ చేసి మాట్లాడతాం అన్నాడు ఆఫీసరు. అంతా అయ్యాక పెన్ను కింద పెట్టాడు.

"ఆగస్టులో ఆయన మీ చేతిలో పెట్టిన రోజున మాకో ఫోన్ చేసి ఉంటే, మేం వచ్చి తీసుకెళ్ళేవాళ్ళం. రాయించుకోవడానికి ఇప్పుడు లేదు గాని, ఇచ్చేయడానికి ఎప్పుడూ ఉంది. యుద్ధం నుంచి తెచ్చినవి ఇలా చాలా వస్తాయి మాకు. రసీదిచ్చి, టీ తాగి వచ్చేసేవాళ్ళం."

దేవకుమారికి ఆ మాటే అన్నిటికన్నా గట్టిగా తగిలింది. అంతేనా! రెండున్నర నెలల భయం ఒక్క ఫోన్ కాలా!

"ఇప్పుడు మీరు దాన్ని చేతులు మార్చారు. అది నేరమే. ఏం చేయాలో పైవాళ్ళు చూస్తారు. శుక్రవారం ప్రమాణానికి మాత్రం వెళ్ళకండి" అన్నాడు.

"మిస్టర్ ఎజ్రా?"

"మీ కాగితం చాలు. ఆయన్ని వదిలేస్తారు."

అక్కడినుంచి తిన్నగా ఎజ్రా ఇంటికెళ్ళింది. ఆయన వరండాలో కూర్చుని, అక్రోట్లలాంటి పీకాన్ కాయలు పగలగొడుతున్నాడు. కూర్చోమనలేదు. ఆమె మెట్టుమీదే నిలబడి అంతా చెప్పింది. తుపాకి తనదని, ఇప్పుడే రాసిచ్చి వస్తున్నానని.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మూట విప్పినరోజే తెలుసు. నాలుగు ఈస్టర్లు ఆ చీరతో మెట్లు దిగావు. నేనే తలుపు తీసి పట్టుకున్నా." ఒక కాయ పగలగొట్టి, పప్పు గిన్నెలో వేశాడు. "నీకు తెలియక పెట్టావేమో అనుకున్నా. నీ దగ్గరికి తెస్తే పసిపిల్ల ఉన్న ఇల్లు. నేనే తీసుకెళ్ళి ఇచ్చేస్తే పోతుందిలే అనుకున్నా."

"వాళ్ళడిగితే నా పేరెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది నేను కాదుగా. నువ్వు చెప్తావని చూశాను."

ఆమె ఏడ్చింది. ఆయన ఊరుకోబెట్టలేదు. కాయలు పగలగొడుతూనే ఉన్నాడు.

"తొమ్మిది రోజులు, మిస్టర్ ఎజ్రా. వాళ్ళు చీర చూపించాక తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. మీ తప్పేం లేదని అందరికీ చెప్తాను. మా చర్చిలో లేచి చెప్తాను."

"నా తప్పు లేదని మీవాళ్ళకి తెలుసు. అది చెప్పక్కర్లేదు." మొదటిసారి తలెత్తి చూశాడు. "తొమ్మిది కాదు. పదహారు. ట్రక్కు దగ్గర నిన్ను అడిగాను, ఇందులో ఏముందని. అక్కడినుంచి లెక్కపెట్టు. చెప్పేటట్టయితే అది చెప్పు."

ఎజ్రామీద కేసు ఆ వారమే తీసేశారు. పై చర్చివాళ్ళు మళ్ళీ పిలిచారు, ఆయన వెళ్ళలేదు. జరిగిందేమిటని అడక్కుండా తాళాలు తీసుకున్నచోట మళ్ళీ ఆ తాళాలు పట్టుకోనన్నాడట. గోల్డ్స్‌బరోలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. దేవకుమారిమీద కేసు పెట్టలేదు గాని ప్రమాణం రెండేళ్ళు వెనక్కి పోయింది. విమల రావడం అన్నేళ్ళు వెనక్కి పోయింది. ఆ అమ్మాయి దానిగురించి ఎన్నడూ ఒక్కమాట అనలేదు.

ఆ తరవాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో దేవకుమారి లేచింది. మన సాక్ష్యాలంటే ఎలా ఉంటాయో తెలుసుగా, జబ్బు తగ్గిందని, ఉద్యోగం వచ్చిందని. ఆమె ముందుకెళ్ళి నిలబడి, తుపాకి దగ్గరనుంచి పీకాన్ కాయల దాకా చెప్పింది. పదహారు రోజులు అంది. మీరెవరూ చెప్పలేదేమని ఒక్కమాట అనలేదు. సత్యానందం లేచి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆయనా తల దించుకునే ఉన్నాడు.

అప్పుడు ఎవరైనా లేవాలి. నాకూ ఆ చీర తెలుసని ఒక్కరైనా అనాలి. కుర్చీల వరసలు ఇంకా వంకరగానే ఉన్నాయి. ఒక్కరూ లేవలేదు. ఏసుపాదంగారు కళ్ళజోడు తుడుచుకుని, పాట నంబరు చెప్పాడు. అందరం పుస్తకాలు తెరిచాం.

మీ నానమ్మ కూడా తెరిచింది. చదవడం రాదుగా నాకు, పాట నోటికొచ్చు. అయినా పుస్తకం తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

అదర్రా సంగతి. రేపు మీరు పెద్దవాళ్ళయి మీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు ఎజ్రా పేరు మార్చకండి. దేవకుమారికి పదహారు రోజులు పట్టిందని చెప్పండి, తొమ్మిదనకండి. ఆ హాల్లో చీర గుర్తుపట్టి కూర్చున్నవాళ్ళలో మీ నానమ్మ ఉందని చెప్పండి. అది దాటేసి చెప్పాలనిపిస్తుంది మీకు, నామీద ప్రేమకొద్దీ. దాటేయకండి. ఏదీ, విద్యా, నువ్వు మొదలుపెట్టు. ఎక్కడినుంచి మొదలవుతుందో ఒకసారి నాకు చెప్పు.